సంచీలో గడియారం

బెర్లిన్ గోడ కూలాక, యుద్ధంతో మూతపడిన మా ఊరి గడియారాల కంపెనీని మళ్లీ తెరుస్తున్న రోజది. కొత్త కంపెనీకి పెద్ద మేస్త్రీ మా ఆయన లోథారే. వేదిక ఎక్కబోతూ మణికట్టు నుంచి పాత గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు.

"ట్రౌడెల్, ఇది నీ సంచీలో దాచెయ్. ఎవరి కంటా పడకూడదు."

యుద్ధం తర్వాత ఇదే ఊళ్లో కమ్యూనిస్టు సర్కారు నడిపిన గడియారాల ఫ్యాక్టరీలో ఇద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేసేవాళ్లం. మా పెళ్లికి నేను అక్కడే కూర్చి ఇచ్చిన గడియారం అది.

"మరి చేతికి?"

"కొత్త బంగారుది. లోపల ఇంకా యంత్రం పెట్టలేదులే, ఫోటోల కోసం."

"నడవని గడియారం కట్టుకున్న మేస్త్రీవన్నమాట!"

నవ్వేసి వెళ్లాడు. మైకు ముందు, నా కళ్లెదుటే అన్నాడు.

"యుద్ధం తర్వాత ఈ ఊళ్లో అసలైన గడియారం ఒక్కటీ తయారు కాలేదు. మళ్లీ ఇవాళే మొదలు!"

చప్పట్లు మోగాయి. ఆగాక, ఒళ్లోని సంచీలోంచి టిక్ టిక్ వినిపిస్తోంది.

సరిగ్గా పన్నెండింటికి కొత్త గడియారాల మీది తెర తీయాలి. లోథార్ అలవాటుగా మణికట్టు చూసుకున్నాడు. తర్వాత నావైపు చూసి, టైమెంతని కళ్లెగరేశాడు.

"నన్నడుగుతావేం?" ముందు వరసలోంచే గట్టిగా అన్నాను. "నా దగ్గర అసలైన గడియారం లేదుగా!"