తొమ్మిదుల లెక్క

నక్సలైట్ అన్నల కోసం కోరుట్ల దగ్గర బస్సు ఆపి వెతికిన పోలీసులకు, లెక్కల సారు ఓదెలు సంచిలో ఒక కాగితం దొరికింది. సున్నా పాయింటు తర్వాత వరుసగా తొమ్మిదులు, చివర ‘= 1’ అని రాసి ఉంది. కింద x, 10x అని ఉన్నాయి. ఓదెలును స్టేషన్‌కు తీసుకుపోయారు.

"ఈ ఎక్స్ ఎవడు? ఏ దళంల ఉంటడు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దళం కాదు సార్. పదో తరగతి పిల్లలకు రేపు చెప్పే పాఠం. తొమ్మిదులు యాడ ఆగకుంట పోతే, అది సరిగ్గ ఒకటే అయితది."

"ఎట్లయితది? జరంతన్న తక్కువుంటది గద."

"ఎంత తక్కువనో చెప్పుండ్రి సార్."

ఇన్‌స్పెక్టర్ పెన్సిల్ అందుకున్నాడు. అతను ఎంత చిన్న సంఖ్య రాసినా, ఓదెలు ఇంకో రెండు తొమ్మిదులు చేర్చి, తేడా అంతకన్నా తక్కువేనని చూపించాడు. అరగంటకు ఇన్‌స్పెక్టర్ నవ్వి పెన్సిల్ కింద పెట్టాడు. చాయ్ తాగించి, జీపులో ఊరిదాకా దింపించాడు.

ఆ వారమే స్టేషన్‌కు పోయి వచ్చిన ముగ్గురు కూలీలు ఇంకా మంచాల మీదే ఉన్నారు. ఒంటి మీద దెబ్బ లేకుండా జీపు దిగిన ఓదెలును చూసి వాడకట్టులో మాటలు ఆగిపోయాయి. ఎవరూ పలకరించలేదు.

ఇంట్లో తల్లి గంగవ్వకు జరిగిందంతా చెప్పాడు. లెక్క కూడా మళ్ళీ చేసి చూపించాడు. ఆమె ఓపిగ్గా విన్నది. తర్వాత లేచి తలుపు గడియ పెట్టి వచ్చి, అతని పక్కన కూర్చుంది.

"నాకన్న నిజం చెప్పు కొడుకా," అన్నది మెల్లగా. "ఎవ్వల పేరు చెప్పినవ్?"