నలభై కుడిచేతులు

"నెలాఖరుకు నలభై చేతులు కావాలి మేస్త్రీ. అన్నీ కుడివే."

మేస్త్రీ చేతిలోని ఆకురాయి ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా అతను పెట్టుడు చేతులూ కాళ్లూ చేస్తున్నాడు. ఒక్కో చేతికీ ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి వచ్చి బల్ల మీద కూర్చుంటాడు, మిగిలిన మొండి చూపిస్తాడు. ఆ తరవాతే పని మొదలవుతుంది.

"రిజిస్టరులో నలుగురి పేర్లు కూడా లేవు కదా సార్. ఎవరికివి?"

"ఇంకా ఎవరికీ కాదు."

"ఆలూ లేదు చూలూ లేదు, చేతులు తెచ్చి ఎవరికి తగిలిద్దామని?"

యజమాని నవ్వాడు. "పోలియో పోయింది. కాళ్లకు ఊతంగా బిగించే పట్టీల గిరాకీ దాంతోపాటే పోయింది. ఈ వీధిలో ఎన్ని షాపులు మూతపడ్డాయి చెప్పు? మనం ఎందుకు నిలబడ్డాం? రేపు అనేది వచ్చి తలుపు కొట్టకముందే నేను లేచి గడియ తీస్తాను కాబట్టి." కిటికీ దగ్గరికి పిలిచి, రోడ్డుకు అవతలున్న రేకుల షెడ్డు చూపించాడు. "డబ్బా మూతల ఫ్యాక్టరీ. పోయినవారం నలభై కొత్త ప్రెస్సులు దిగాయి. పని వేగంగా సాగాలని, చేతికి అడ్డంగా ఉండే ఇనుప జాలీలు పీకి పారేశారు. రేకు పెట్టాలి, చెయ్యి తీయాలి, పెడలు తొక్కాలి. రోజుకు వేలసార్లు. ఒక్కసారి పరాకు పడితే చాలు."

"మరి జాలీలు పెట్టుకోమని వాళ్లకు చెప్పొచ్చు కదా సార్?"

"గొడుగులు అమ్మేవాడు వానను ఆగమంటాడటయ్యా? అచ్చులు చిన్నవి తీసుకో. వేళ్లు సన్నగా రావాలి. ప్రెస్సుల మీద ఉన్నది అందరూ ఆడవాళ్లే."

సోమవారం నుంచి మేస్త్రీ చెల్లెలు పనికి పోతున్నది ఆ షెడ్డుకే. ఏం పని అని అతను అడగనైనా అడగలేదు. పని దొరికిందన్న సంబరంలోనే ఉండిపోయాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే రోడ్డు దాటాడు.

షెడ్డులో చెవులు చిల్లులు పడే మోత. ఊడదీసిన జాలీలు గోడవారన గుట్టగా పడున్నాయి. మూడో వరసలో చెల్లెలు కనిపించింది.

"అన్నయ్యా! నువ్వేంటి ఇక్కడ?" అంది, మిషను ఆపకుండానే.

"ముందు చెయ్యి తియ్యవే!"

"తీస్తూనే ఉన్నాగా. పెడుతూనే ఉన్నా, తీస్తూనే ఉన్నా." నవ్వింది. "పోతే మాత్రం ఏంటట? ఇంట్లో మేస్త్రీని పెట్టుకుని ఒక చేతికోసం ఏడుస్తానా?"

పక్క మిషను మీది పెద్దామె పగలబడి నవ్వింది. "మాక్కూడా ఏదో కాస్త తగ్గించి ఇప్పించు తమ్ముడూ!"

అతనికి నవ్వు రాలేదు. తిన్నగా మేనేజరు గదిలోకి నడిచాడు.

అద్దాల తలుపు మూసుకోగానే మోత ఆగిపోయింది. మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించి మంచినీళ్లు ఇప్పించాడు.

"నేను ఎదురుగా చేతులు చేసే షాపులో మేస్త్రీని సార్. ఆ జాలీలు మళ్లీ బిగించండి. ఇవాళ కాకపోతే రేపు ఈ నలభైమందిలో ఎవరి చెయ్యీ మిగలదు. చొక్కా గుండీ పెట్టుకోలేక నా ముందు కూర్చుని ఏడ్చినవాళ్లను చూశాను. నేను చేసేది చెయ్యిలా ఉంటుందంతే సార్, చెయ్యి కాదు."

మేనేజరు అడ్డు తగలకుండా అంతా విన్నాడు.

"మీరన్నది నిజమే. కానీ జాలీ ఉంటే నిమిషానికి పది మూతలు, లేకపోతే పదహారు. అవతల మనిషి అక్కర్లేని మిషన్లు వచ్చేస్తున్నాయి. మేం పది దగ్గరే ఆగిపోతే ఏడాది తిరక్కుండా ఈ షెడ్డుకు తాళం పడుతుంది. అప్పుడు అందరికీ చేతులుంటాయి, చేయడానికి పనే ఉండదు. ముందుముందు ఏం రాబోతోందో చూసుకోవాలి కదండీ."

అద్దంలోంచి చూస్తే మూడో వరసలో ఆ చెయ్యి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. మళ్లీ లోపలికి పోతోంది.

మేస్త్రీ గొంతు తగ్గించాడు.

"పోనీ సార్... మూడో వరసలో ఆ చివర ఉన్నది మా చెల్లెలు. దాన్నొక్కదాన్ని వేరే పనిలో వేయండి. మిగతావాళ్ల సంగతి నేనింక ఎత్తను."

ఆ చివరి మాట అన్నది తనేనా అని అతనికే అనిపించింది.

"అయ్యో, దానికేం భాగ్యం!" మేనేజరు అప్పటికప్పుడే ఫోను తీసి సూపర్వైజరుతో మాట్లాడాడు. రేపటి నుంచి ఆ అమ్మాయి ప్యాకింగులో. ఆమె మిషను మీదికి గేటు దగ్గర పనికోసం కాచుకున్నవాళ్లలో ఒకామె.

మేస్త్రీకి కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి, తలుపు తీశాడు. మోత ఒక్కసారిగా మీద పడింది. వెనకనుంచి మేనేజరు గొంతు పెంచి పిలిచాడు.

"మేస్త్రీ గారూ, మీ చెల్లెలి చోట్లోకి వచ్చే ఆమెది కాస్త పెద్ద చెయ్యి. మేం ఆర్డరిచ్చిన నలభైలో ఒకటి సైజు పెంచాలని మీ ఓనరుకు చెప్పండి!"