మనిషి అక్కర్లేని యంత్రం

"మనిషి అక్కర్లేకుండా నడిచే యంత్రం పక్కన మీరెందుకు అంకుల్?" అంది కల్పలత.

సైనిక్‌పురిలో చిన్న కంపెనీ ల్యాబ్ అది. టెక్నీషియన్ సదాశివ కొత్త పవర్ సప్లై యంత్రానికి కుంకుమ బొట్టు పెడుతూ, "ఇయ్యాలనే గద బిడ్డా దాని ఇమ్తెహాన్. జెర చూసి పోత" అన్నాడు.

"ఈ పరీక్షలో చూడ్డానికేం లేదు. నేను రాంగోపాల్‌పేట్‌లో కూర్చుని ఆజ్ఞ టైప్ చేస్తే ఈ కంప్యూటర్ తెర మీద పడుతుంది. ఇది వైరు ద్వారా యంత్రానికి చెబుతుంది. ఎవరూ చేత్తో నాబ్ తిప్పక్కర్లేదు, వోల్టేజీ దానంతటదే మారుతుంది. ఆజ్ఞలన్నీ అర్థాలతో సహా గోడకి అంటించాను కదా! ఈ ఆర్డరొస్తే సోమవారం నుంచి మీరు స్టోర్ రూముకి."

"ఆడ ఏం జెయ్యాలె? బోల్టులకు బొట్లు పెట్టాల్నా?"

"యంత్రానికి మాత్రం బొట్టెందుకు?"

"పని జేసేటోడు కనవడడు గద బిడ్డా. గందుకే మొక్కుడు."

కల్పలత నవ్వేసింది. ఆలస్యమైపోతోందని బల్ల మీది లాప్‌టాప్, ఛార్జర్, వైర్లు అన్నీ కలిపి బ్యాగులో కుక్కుకుని ఆటో ఎక్కింది.

రాంగోపాల్‌పేట్ ఆఫీసులో, ఆర్డరివ్వాల్సిన జోగారావు అనుమానంగా చూశాడు. "ఏవమ్మా, ఇక్కణ్ణుంచి నువ్వు చెబితే అక్కడ అది వింటుందా? మా ఇంట్లో పక్క గదిలోంచి పిలిస్తేనే ఎవరూ పలకరు."

"మీరే చూడండి సార్."

ల్యాబ్‌లోని కెమెరా మీటరు అంకెల్ని మాత్రం దగ్గరగా చూపిస్తోంది. కల్పలత 'వోల్ట్ 12' అని కొట్టింది. అంకె కదల్లేదు. ఈ ఒక్క ఆర్డరు కోసం మూడు నెలలుగా ఈ ఆఫీసు మెట్లెక్కి దిగుతోంది.

దేవుడా అనుకునేలోగా అంకె కదిలింది. తొమ్మిది, పది, పదకొండు... పన్నెండున్నర దాకా పోయి, నాలిక్కరుచుకున్నట్టు వెనక్కి వచ్చి పన్నెండు దగ్గర ఆగింది.

"మెల్లిగా కదులుతోందేం?"

"కరెంటందుకునే సర్క్యూట్ బోర్డు కాలిపోకుండా జాగ్రత్త పడుతుంది సార్."

"మనిషికన్నా బుద్ధిమంతురాలే!"

ఐదంటే ఐదుకి దిగింది. ఆపమంటే ఆగింది. జోగారావు ముచ్చటపడి ఆర్డరు కాగితం ఆమె చేతికిచ్చాడు. "మోడల్ నంబరు నువ్వే నింపమ్మా, స్టాంపు పట్టుకొస్తా" అంటూ లోపలికి వెళ్లాడు.

నంబరు గుర్తు రాలేదు. అయితేనేం? 'నువ్వెవరు?' అని అడిగే ఆజ్ఞ ఒకటుంది. దానికి యంత్రం తన కంపెనీ పేరూ, మోడల్ నంబరూ చెప్పి తీరాలి. కల్పలత దర్జాగా ఆ ఆజ్ఞ కొట్టి, పెన్ను మూత తీసింది.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే, వెతుక్కుంటూ వచ్చినట్టు పడ్డాయి:

"సదాశివ, లాలాగూడ. వైరు నీ బ్యాగుల వడ్డది, చూస్కో బిడ్డా."