అబ్సలోమ్ చెవి

నెల్డా సొరుగులో మూడేళ్లుగా ఒక దొంగ సొత్తు ఉంది. రెండువందల ఏళ్లు దాటిన కోర్టు పుస్తకం. తోలు అట్ట, నాలుగువందల పైచిలుకు పేజీలు. ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక మాత్రం లేదు.

నిజానికి నెల్డా దొంగ కాదు. టెల్ఫోర్డ్ కౌంటీ కోర్టు రికార్డు గదిలో ముప్పై ఒక్కేళ్లుగా గుమాస్తా. ఎవరి తాత వీలునామా ఏ బీరువాలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. రేపు శుక్రవారంతో ఆమె ఉద్యోగం అయిపోతుంది. ఈలోగా ఆ పుస్తకం ఓరిన్ స్ట్రౌడ్ చేతిలో పెట్టాలి. పెడితే ఆయన ఇక తన ముఖం చూడడని ఆమె భయం.

ఓరిన్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా కాలమైంది. ఆయన ఆరా తీస్తున్నది ఏడు తరాల కిందటి తాత అబ్సలోమ్ గురించి. ఈ కొండల్లో అడవి కొట్టి మొదట పొలం చేసిన స్ట్రౌడ్ ఆయనే. ఊళ్లు తిరిగే చిత్రకారుడెవరో గీసిన బొమ్మ ఒకటి ఇంట్లో ఉంది. అందులో తాతకు ఎడమ చెవి లేదు.

చిక్కంతా ఆ చెవితోనే. ఆ కాలంలో పందుల దొంగకు చెవి కోసేవారు. అందుకే కొట్లాటలో చెవి పోగొట్టుకున్న పెద్దమనిషి రక్తం తుడుచుకుంటూ కోర్టుకు పరుగెత్తేవాడు. ఇది కొరికితే పోయిన చెవి, కోస్తే పోయింది కాదు మహాప్రభో అని రాయించుకునేవాడు. అబ్సలోమ్ అలా రాయించుకున్నాడా లేదా అన్నదే ప్రశ్న.

ఏటా ఆగస్టులో స్ట్రౌడ్‌లంతా కలిసి పంది మాంసం కాల్చుకు తింటారు. ఓరిన్ అక్క మొగుడు డ్యూయీకి అదే పండగ.

"ఏం బావమరిదీ, ఈ పందిని కొన్నారా, లేక మీ తాత పద్ధతేనా?" అంటాడు. అందరూ నవ్వుతారు.

మూడేళ్ల కిందట ఓరిన్ మొదటి గురువారం రికార్డు గదికి వచ్చినప్పుడు నెల్డా ఇచ్చింది ఈ పుస్తకమే. అరగంట సేపు తిరగేసి, అట్ట మూసి తెచ్చిచ్చాడు.

"ఒక్క ముక్క అర్థం కాలేదండీ. కోడి గెలికినట్టుంది. మళ్లీ గురువారం రావచ్చా?"

పాతకాలపు రాత కొత్తవాళ్లకు కొరుకుడు పడదు. నెల్డాకు జాలేసింది. ఆ సాయంత్రం కూర్చుని తనే వెతికింది. దొరికింది. 'అబ్సలోమ్ స్ట్రౌడ్ హాజరై, తన ఎడమ చెవి కొట్లాటలో మైకా డోబిన్స్ కొరకగా పోయినదని రుజువు చేసుకున్నాడు.'

చూపిద్దామనే అనుకుంది. కానీ మరుసటి గురువారం ఆయన కాగితం సంచీ నిండా ఉడకబెట్టిన వేరుశనగకాయలు తెచ్చాడు. రికార్డు గదిలో తినకూడదు కదా, ఇద్దరూ కోర్టు మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఆమె మొగుడు పోయిన పదకొండేళ్లలో అంతగా నవ్విన మధ్యాహ్నం లేదు. లోపలికొచ్చి ఆమె పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

అప్పట్నుంచి ఆయనకు మిగతా పుస్తకాలన్నీ ఇచ్చింది. పరుపు పెళ్లానికీ, గుడ్డి గుర్రం పెద్దకొడుక్కీ రాసిన వీలునామాలు ఇద్దరూ కలిసి చదివారు. ప్రతి వాక్యం కింద ఆమె వేలు పెట్టి చూపించాలి. ఆ పాత రాతలో ఎస్ అక్షరం అచ్చం ఎఫ్‌లా ఉంటుంది.

"ఇది ఎస్సా అండీ, ఎఫ్ఫా?"

"ఎస్సే ఓరిన్ గారూ. మూడేళ్లుగా చెబుతున్నాను. మీ బస్సులో ఎక్కిన పిల్లలైతే మూడు రోజుల్లో నేర్చేవాళ్లు."

"వాళ్లకి మంచి డ్రైవర్ ఉన్నాడు లెండి."

మొన్న ఆగస్టు తర్వాత మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

"ఈసారేమన్నాడు మీ బావ?"

"అనలేదండీ. నా పళ్లెంలో పంది చెవి పెట్టాడు. మనవలు కూడా నవ్వారు."

ఆమె చేతిలోని వేరుశనగకాయను వలవకుండానే సంచీలో వేసేసింది.

ఇవాళ ఆఖరి గురువారం. నెల్డా సొరుగు తాళం తీసింది. పుస్తకం బల్ల మీద పెట్టింది.

"ఓరిన్ గారూ, తిట్టాలనిపిస్తే తిట్టండి."

"రిటైరయ్యే వాళ్లని తిడితే పాపం. ఏమిటది?"

"మీ తాత చెవి. ఇందులో ఉంది. మీరొచ్చిన మొదటి రోజే చూశాను. దాచేశాను."

ఆయన పుస్తకం వంకా ఆమె వంకా చూశాడు.

"ఎందుకు?"

"ఇచ్చేస్తే మీకు ఇక్కడ పనేముంటుంది? గురువారం ఖాళీ అయిపోతుందని భయపడ్డాను." నెల్డా చేయి దానంతటదే చెవి మీదికి పోయింది. "నా మూలంగా మూడేళ్లు దొంగ మనవడని అనిపించుకున్నారు. ఆ కాలమైతే నాకు రెండు చెవులూ కోసేవాళ్లు."

ఓరిన్ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు.

"ఆగండి, పేజీ నేను తీస్తాను. ఆ రాత మీ వల్ల కాదు," అంటూ ఆమె తన కళ్లజోడు కోసం తడుముకుంది.

ఆమెకు అది దొరికేలోపే ఓరిన్ తిన్నగా రెండువందల పన్నెండో పేజీ తెరిచి, తన కళ్లజోడు చొక్కా జేబులోనే ఉండగా, పేజీ వంక కాక ఆమె వంకే చూస్తూ, "అబ్సలోమ్ స్ట్రౌడ్ హాజరై, తన ఎడమ చెవి కొట్లాటలో..." అని ఒక్క అక్షరం పొల్లుపోకుండా చివరిదాకా అప్పజెప్పాడు.