ముప్పై ఒకటో నంబరు

“ఆ ముప్పై ఒకటిని ఇంకా ఎందుకు ఉంచావే?” వత్సల భుజం మీదుగా తొంగి చూస్తూ అడిగింది నేత్ర.

నల్లటి తెర మీద నంబర్లు బారుగా ఉన్నాయి. ఆ బెంగళూరు ఆఫీసులో చిప్‌లు డిజైన్ చేసేవాళ్ళందరి డెస్క్‌టాప్‌లూ ఒక్కోదానికి ఒక్కో నంబరుతో కింది అంతస్తు సర్వర్లలోనే నడుస్తాయి. ఇంటికెళ్తూ కంప్యూటర్ తెర మీద ఎవరి కిటికీ వాళ్ళు మూసుకున్నా, లోపల డెస్క్‌టాప్ తెరిచిన ఫైళ్ళతో సహా మేలుకునే ఉంటుంది. దాన్ని ఆపాలంటే నంబరు వేసి ఒక కమాండ్ కొట్టాలి. పాత సర్వరు తీసేస్తున్నారు కనుక మిగిలినవన్నీ ఈ మధ్యాహ్నానికల్లా ఆపెయ్యడం వత్సల పని.

“అది చిదంబరది.”

“అయితే ఏంటట? మానేసి ఏడాదైంది. తిరిగొస్తాడని హారతి పళ్ళెం పట్టుకుని కూర్చున్నావా?”

“ఫోన్ కూడా ఎత్తడం లేదే.”

“అందరి ముందూ నువ్వు కడిగిన కడుగుడికి ఎవడెత్తుతాడమ్మా! తొందరగా కానిచ్చి పైకి రా. బిసిబేళె అన్నం తెచ్చాను, చల్లారితే బాగుండదు.”

నేత్ర మెట్లెక్కి తన సీటుకి వెళ్ళిపోయింది.

టీమంతటికీ ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డ్; ఎవరి డెస్క్‌టాప్‌నైనా ఎవరైనా తమ సీటు నుంచే తెరవొచ్చు, ఆపొచ్చు. నేత్రకు కూడా తెలియనిది ఒకటుంది. చిదంబరను కడిగేసిన ఆ రోజు, బిగుసుకుపోయిన తన డెస్క్‌టాప్‌ను ఆపబోయి వత్సల పక్క నంబరు కొట్టింది. చిదంబర వారాల తరబడి నడిపిస్తున్న చిప్ పరీక్ష దాంతోపాటే పోయింది. పొరపాటు తెలిసేసరికి క్లయింటుతో మీటింగ్ మొదలైంది. “పని కాపాడుకోవడం కూడా చేతకాదా?” అని అతని మీదే కేకలేసింది. సాయంత్రం అతను ముప్పై ఒకటో నంబరుతో కొత్త డెస్క్‌టాప్ తెరిచి, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి వెళ్ళాడు. మర్నాడు రాలేదు.

ఆపేముందు ఒక్కసారి చూద్దామని వత్సల ఆ డెస్క్‌టాప్‌లోకి వెళ్ళింది. అతను వదిలిన కిటికీ అలాగే ఉంది. పరీక్ష ఎప్పుడో పూర్తయింది. ఒక్క తప్పూ లేదు.

ఆమె చెయ్యి మౌస్ మీద లేదు. అయినా తెర మీద బాణం కదిలింది.

వత్సల ఉలిక్కిపడింది. గబగబా అక్కడే ఒక ఖాళీ ఫైలు తెరిచి టైపు చేసింది.

“చిదంబరా, నువ్వేనా?”

బాణం ఆగిపోయింది. ఆ వాక్యం కిందే జవాబు పడింది.

“ఊఁ.”

వత్సల మళ్ళీ టైపు చేసింది. “ఆ రోజు నీ పని పాడుచేసింది నేనే. నంబరు పొరబడ్డాను. ఒప్పుకునే ధైర్యం లేక నిన్ను బలిపెట్టాను. ఏడాదిగా చెప్పాలని చూస్తున్నాను. నన్ను క్షమించగలవా?”

అక్షరాలు ఒక్కొక్కటే, ఆగి ఆగి పడ్డాయి.

“ఎప్పుడో మరిచిపోయాను అక్కా. ఇక దీన్ని ఆపెయ్యి.”

ఆమె ఆ మాటల్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. కళ్ళు తుడుచుకుని నల్లటి తెరకు తిరిగొచ్చింది. ఈసారి నంబరు మీద వేలు పెట్టి సరిచూసుకుని మరీ కమాండ్ కొట్టింది. చిదంబర కిటికీ మూసుకుపోయింది. చాలాకాలానికి గుండె నిండా ఊపిరి పీల్చుకుంది వత్సల.

పై అంతస్తులో తన తెర మీద కూడా ముప్పై ఒకటో నంబరు కిటికీ మూసుకుపోగానే, నేత్ర కీబోర్డు మీద నుంచి చేతులు తీసింది.