అక్క రిపోర్టు

అక్కకి రొమ్ములో గడ్డ బాగా ముదిరిపోయిందని డాక్టరమ్మ చెప్పగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటా మీ దగ్గరే పరీక్ష చేయించుకుంటోంది. పదేళ్ళుగా కళ్ళు మూసుకుని చూశారా?" అని కౌంటరు దగ్గర అరిచాను.

నర్సు కంప్యూటరంతా వెతికింది. పదిసార్లూ నా పేరే ఉంది. అక్క పేరు ఒక్కసారి కూడా లేదు.

ఏటా నా చెయ్యి పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చింది అక్కే. ముందు తను లోపలికెళ్ళి, నవ్వుతూ బయటికొచ్చి, "చీమ కుట్టినంత నొప్పి కూడా లేదే, ఇక నువ్వెళ్ళు" అనేది. ఆ మాట నమ్మే నేను వెళ్ళేదాన్ని. మూడేళ్ళ క్రితం, ఏ బాధా తెలియకముందే నాకు బఠాణీ గింజంత గడ్డ బయటపడింది. తీసేశారు. బతికిపోయాను.

బెంచీ మీదున్న అక్క ముందుకెళ్ళి నిలబడ్డాను.

"లోపలికెళ్ళి ఏం చేసేదానివక్కా?"

"బాత్రూంలో కాసేపు నిలబడి వచ్చేసేదాన్ని. నాకు భయమే."

"ఇన్నేళ్ళూ నన్ను మోసం చేశావా?"

అక్క తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఒక్క ఏడాదైనా, నీ రిపోర్టేదక్కా అని అడిగావా నువ్వు?"