అడగకుండా తీసిన వీడియో

ఆ వీడియో ఇంకోసారి చూడటం తనవల్ల కాదని సాయికుమార్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. స్రవంతి ఫోను బల్లమీద బోర్లించి మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరిపింది.

పాతబస్తీలోని ఆ వార్డు ఆఫీసుకు స్రవంతి అధికారిగా వచ్చి ఎన్నాళ్లో కాలేదు. చెత్తబండి రాలేదనీ, మోరీ పొంగిందనీ లొల్లి పెట్టుకునేవాళ్లను రోజూ చూస్తూనే ఉంది. పెళ్లాం పరువు పోయిందని కళ్లనీళ్లు పెట్టుకునే మగమనిషిని మాత్రం ఇదే చూడటం.

"మా ఇంటామె మేడమ్. నందిని. ఏదో పనిమీద మీ ఆఫీసుకొచ్చింది. ఎవడో అడగకుండనే వీడియో తీసి నెట్ల పెట్టిండు. గప్పట్నుంచి బయటికి వస్తలేదు, తింటలేదు."

ఆ బాధ స్రవంతికి కొత్తది కాదు మరి. ఇంతకుముందు పనిచేసిన చోట, ఒకసారి జ్వరంతో ఆఫీసుకొచ్చి, బల్లమీద తల వాల్చిందో లేదో, ఎవరో ఫోనులో తీసి 'ఆఫీసులో నిద్ర' అని పెట్టేశారు. బస్సెక్కాలంటే సిగ్గు, చుట్టాల ముందుకు వెళ్లాలంటే సిగ్గు. ఒక్కరైనా వచ్చి, నీకేమైందమ్మా అని అడిగిన పాపాన పోలేదు. అందుకే, ఆఫీసులోకి వచ్చినవాళ్లను వాళ్ల అనుమతి లేకుండా వీడియో తీయకూడదని పైనుంచి ఉత్తర్వు రాగానే, తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు రాయించి గుమ్మం పక్కనే కొట్టించింది. చదివేవాళ్లేరీ? వీడియో తీసినవాడు ఆ బోర్డు పక్కనే నిలబడి తీశాడు.

వాడి పేరు అర్బాజ్. పత్తర్‌గట్టిలో మామ గాజుల దుకాణంలో కూర్చుంటాడు, తీరిక దొరికితే బస్తీ సమస్యలు తీసి తన ఛానెల్లో పెడుతుంటాడు. కబురు చేస్తే హెల్మెట్ చేతిలో పట్టుకుని వెంటనే వచ్చాడు. క్యూ ఎంత పొడుగుందో చూపిద్దామనుకున్నాననీ, ఆమె అందులో పడిందనీ, తప్పేననీ ఒప్పుకున్నాడు. ఒక్కటి మాత్రం అడిగాడు.

"తీసేస్త మేడమ్. కానీ ఆమెకే సారీ చెప్త. ఒకసారి ఫోన్ల మాట్లాడనియ్యుండ్రి."

సాయికుమార్ తల వంచుకున్నాడు. పరాయి మగాడి గొంతు వింటేనే ఆమె వణికిపోతోందని నెమ్మదిగా చెప్పాడు. దాంతో స్రవంతికి ఒళ్లు మండిపోయింది.

"వాళ్లాయన వచ్చి అడుగుతుంటే ఆమె అడిగినట్టు కాదా? చేసింది చాలదని ఆమెను మల్ల సతాయిస్తవా?"

అర్బాజ్ అక్కడే నిలబడి ఛానెల్లోంచి వీడియో తీసేశాడు. అయినా సాయికుమార్ ముఖం తేటపడలేదు. అసలుది ఫోన్లో ఉంటే రేపు మళ్లీ పెట్టడని నమ్మకమేమిటని సందేహపడ్డాడు. అదీ నిజమే కదా అనిపించింది స్రవంతికి. అదీ తీసేయమని, తీసేసేముందు అందులో ఉన్నది ఆమేనో కాదో ఆయనకు చూపించమని అర్బాజ్‌తో అంది.

ఛానెల్లో పెట్టినదాంట్లో పాటొకటి మోగుతుండేది. అసలుదాంట్లో మనుషుల మాటలున్నాయి. ఫ్యాను రొదకు సరిగా వినబడకపోతే స్రవంతే సౌండు పెంచింది. మోరీ ఎక్కడ పొంగుతోందని గుమస్తా ఆగయ్య అడుగుతున్నాడు. "యాకుత్‌పురా స్టేషన్ ఎనక గల్లీ. పాల డెయిరీ మీది రూం" అంటోంది నందిని. అంతలో ఫోను కంటబడింది కాబోలు, చున్నీ ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది.

చూశావా ఎలా బెదిరిపోయిందో అని స్రవంతి అర్బాజ్‌ను నాలుగు తిట్టింది. సాయికుమార్ ఈసారి ముఖం తిప్పుకోలేదు, చివరిదాకా చూశాడు. ఆమేనన్నాడు. వీడియో ఫోన్లోంచి పూర్తిగా పోయిందని తేలాక లేచి రెండు చేతులూ జోడించాడు.

ఆ సాయంత్రం స్రవంతి ఇంటికెళ్లి ఆ సంగతంతా భర్తకు చెప్పుకుంది. అప్పట్లో తనకు దొరకని న్యాయం ఇంకొక ఆడదానికి దొరికిందంటే ఆమెకు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేం. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నది.

మర్నాడు ఆఫీసు తెరవగానే నందిని వచ్చింది. బోర్డు ముందు ఆగి, మొత్తం చదివి, భయంభయంగా లోపలికి అడుగుపెట్టింది. స్రవంతి చూడగానే గుర్తుపట్టి, చేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

వీడియో బయటపెట్టారని తనతో పనిచేసే అమ్మాయి చెబితే నిన్న రాత్రే తెలిసిందనీ, ఎలాగైనా ఆ వీడియో తీసేయించమనీ నందిని బతిమాలింది. స్రవంతికి నవ్వొచ్చింది. వాళ్లాయన ఇంట్లో ఇంకా చెప్పలేదు కాబోలు అనుకుంది.

"అది ఎప్పుడో పోయింది. ఫికర్ చెయ్యకు."

నందిని ముఖంలో భయం తగ్గలేదు. "దాంట్ల నా మాటలు వినొస్తయా మేడమ్? మా గల్లీ పేరు?"

"పెట్టినదాంట్ల పాటే ఉండె. మాటలున్నది నా ముందటనే తీసేయించిన. విన్నది మేం ముగ్గురమే."

"ఎవరెవరు?"

"నేను, ఆ పిలగాడు, మీ ఆయన. పాపం, నీకోసం ఎంత తండ్లాడిండో!"

నందిని కుర్చీలోంచి లేచి నిలబడింది. వీధి తలుపువైపు ఒకసారి చూసింది.

"నాకు పెళ్లి కాలేదు మేడమ్."